విప్పని థాన్లు

పోయిన వారం నా బూడిదరంగు ప్యాంటు నడుము దగ్గర పట్టలేదు. పెళ్ళయ్యాక వచ్చిన మార్పుల్లో ఇదొకటి. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల పక్కన కుట్టుమిషన్ పెట్టుకుని కూర్చునే ఆల్టరేషన్ ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ప్యాంటు తిరగేసి, వెనక కుట్టు వేలితో తడిమి, తలెత్తి నన్ను చూశాడు.

“గింత గుడ్డ లోపల ఎవరు వదిలిండ్రన్నా?”

“మా మాస్టర్.”

“గుడ్డ సుత బడిపిల్లల యూనిఫాం గుడ్డ లెక్కుంది.”

“యూనిఫాం గుడ్డే.”

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి చాలాసేపు పట్టేది. మాస్టర్ ఉండగా ఈ ప్యాంటు ఇంకొకరి చేతికి ఇచ్చే అవసరమే రాలేదు. ఆయన పోయిన చలికాలంలో చనిపోయారు.

ఆయన పేరు నా ఫైళ్లలో చాలాసార్లు టైపు చేశాను. ఇక్కడ రాయను. వాళ్ల సందులో కూడా ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు. బట్టలు కత్తిరించే మనిషిని ఈ ఊళ్లో మాస్టర్ అంటారు, అంతే.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. తర్వాత అందరిలాగే అమీర్‌పేట హాస్టల్లో ఉండి డేటాబేస్ కోర్సు చేశాను. దొరికిన ఉద్యోగం మాత్రం పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఒక రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఆఫీసులో. అప్పు తీర్చలేని స్థితికి వచ్చిన కంపెనీల వ్యవహారాలను, కొన్నిసార్లు మనుషుల వ్యవహారాలను, ట్రైబ్యునల్ ఇలాంటివాళ్ల చేతికి అప్పగిస్తుంది. ఎవరికెంత బాకీయో తేల్చడం, ఎవరికెంత దక్కాలో ఒక ప్లాన్ తయారు చేయించడం, దాన్ని అప్పులిచ్చినవాళ్ల ఓటుకు పెట్టడం వాళ్ల పని. మా మేడం గుంటూరావిడ. పట్టికలు వేయడం నా పని.

మాస్టర్ మొదటిసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు మెడలో టేపు ఉంది, చేతిలో ప్లాస్టిక్ కవర్లో ట్రైబ్యునల్ నోటీసు ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా ముందు ఒక మాట చెప్పారు.

“నేను అప్పు తీస్కోలే మేడం. జమానతున్న.”

“తెలుసండి మాస్టర్ గారూ. కూర్చోండి.”

ఆ తర్వాత ప్రతి మీటింగునూ, హాజరు పలికినట్టు, ఆయన ఈ మాటతోనే మొదలుపెట్టేవారు.

వాళ్లది నేతపనివాళ్ల ఊరు. తండ్రి మగ్గం నేశాడు, ఈయన కత్తెర పట్టుకుని పట్నం వచ్చారు. ఊరి బయట బామ్మర్ది యూనిఫాంల ఫ్యాక్టరీ పెట్టి బ్యాంకు లోను తీసుకున్నప్పుడు మాస్టర్ జమానతు, అంటే హామీ, సంతకం చేశారు. ఫ్యాక్టరీ మునిగింది. దివాలా చట్టం కింద దాన్ని ఇంకో కంపెనీ తక్కువకు తీసుకుంది. బ్యాంకుకు రావలసిన దాంట్లో కొంతే వచ్చింది. ఫ్యాక్టరీ మాత్రం పాత అప్పుల నుంచి పూర్తిగా బయటపడింది. కొత్త యజమాని, కొత్త బోర్డు, అవే మిషన్లు. బామ్మర్ది భీవండి వెళ్లిపోయాడు. రాని అప్పుకు మాస్టర్ ఒక్కరు మిగిలారు. కంపెనీకి దొరికిన విముక్తి హామీ ఉన్నవాడికి దానంతటదే దొరకదని సుప్రీంకోర్టు చెప్పేసింది. హామీదారు మీద విడిగా దివాలా కేసు నడపడం సరైనదేనని కూడా తేల్చింది. ఇదంతా నేను ఆయనకు రెండు మూడు రకాలుగా వివరించాను.

“అంటే తమ్మీ, అంగీ కొత్తోడు తొడుక్కున్నడు. కుట్టుకూలి నేను కట్టాలె.”

“ఇంచుమించు అంతే మాస్టర్.”

“ఇంచుమించు అనకు. నీ దగ్గర కంప్యూటర్ ఉన్నది.”

ఆయనకున్నది ఒక్కటే ఆస్తి. అమీర్‌పేట వెనక సందులో కింద దుకాణం, పైన రెండు గదులు. ప్లాన్ నెగ్గితే రెండు యూనిఫాం సీజన్లలో ఆయన కట్టగలిగినంత కట్టి, మిగతా అప్పు నుంచి బయటపడతారు, ఇల్లు దక్కుతుంది. ఓడితే బ్యాంకు ఆయన్ని దివాలాదారుగా ప్రకటించమని అడుగుతుంది, ఇల్లు అమ్మకానికి పోతుంది. ఓటు బలం బాకీ విలువను బట్టి ఉంటుంది కాబట్టి, బ్యాంకు కాదంటే మిగతా అందరూ చేతులెత్తినా లాభం లేదు.

ఆ నోటీసు వచ్చాక ఆయనకు సంతకాల మీద అనుమానం పట్టుకుంది. ఏ కాగితం పెట్టినా బొటనవేలి గోరు ఒక్కో వరుస కింద జరుపుతూ చివరిదాకా చదివి, “గిది జమానతా?” అని అడిగేవారు. మా ఆఫీసు విజిటర్ల రిజిస్టరు దగ్గర అడిగారు. ఒకసారి మేడం ఫోన్లో ఉండి కొరియర్ తీసుకోమంటే, ఆ కొరియర్ అతన్నీ అడిగారు. అతను కాదని ఒట్టేశాక సంతకం పెట్టారు.

మనుషుల్ని బట్టలతో గుర్తుపెట్టుకునేవారు. బ్యాంకు మేనేజర్ ఆయన లెక్కలో “ఎడమ భుజం జారినాయన”. నేను “ప్యాంటు తొక్కుకునే పిల్లగాడు”. ఒకరోజు నన్ను జిరాక్స్ మిషన్ పక్కన నిలబెట్టి, నేను వద్దంటున్నా వినకుండా, ప్యాంటు అంచులు మడిచి పిన్నులు పెట్టారు. సాయంత్రం దాకా అలాగే తిరిగాను.

ఆయన ఊతపదం “జర వదులు పెట్టు”. బట్టకు చెప్పే మాటే అన్నిటికీ చెప్పేవారు. మీటింగు టైం పక్కాగా చెప్తే జర వదులు పెట్టు. షేర్ ఆటోలో ఇంకొకరిని ఇరికిస్తుంటే డ్రైవర్‌తో, జర వదులు పెట్టు భాయ్. నేను వేసిన వాయిదాల పట్టిక చూసి కూడా ఇదే.

ఆస్తుల జాబితా రాసుకునేటప్పుడు కుట్టుమిషన్లు కూడా కలపమని పట్టుబట్టారు. బతుకుతెరువుకు కావలసిన పనిముట్లు తాకట్టులో లేకపోతే చట్టం వాటిని ముట్టుకోదని చెప్పాను.

“చట్టానికి మిషన్ విలువ తెల్వదా?”

“తెలిసే వదిలేసింది మాస్టర్.”

“గా ముక్క రాసినాయన ఇంట్ల ఎవలో దర్జీ ఉండొచ్చు,” అన్నారు. చట్టం గురించి నేను ఆయన నోట విన్న మంచిమాట అదొక్కటే.

కేసు స్వీకరించాక కొంతకాలం మారటోరియం ఉంటుంది. ఆ గడువులో అప్పులిచ్చినవాళ్లు ఎవరూ ఆయన మీదికి రాకూడదు. ఆయన కూడా తన దగ్గరున్నది తీసి వాళ్లలో ఎవరికీ విడిగా ఇవ్వకూడదు. మొదటి సగం ఆయనకు బాగా నచ్చింది. రెండో సగానికి తలూపారు.

కానీ దర్జీ పనిలో ఇంకో పద్ధతి ఉంది. బడులు తెరిచే ముందు యూనిఫాంల సీజన్ మొదలవుతుంది. దానికి టోకు వ్యాపారి దగ్గర గుడ్డ థాన్లు, అంటే మొత్తం చుట్టలు, అప్పు మీద తెచ్చుకుంటారు. పోయిన సీజన్ గుడ్డ బాకీ తీరకుండా కొత్త థాన్ మీద కత్తెర పెట్టరు. ఎక్కడా రాసి ఉన్నది కాదు. మాస్టర్ తన గురువు దగ్గర నేర్చుకున్నారు, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ పాటిస్తున్నారు.

ప్లాన్ మీద మీటింగు మా ఆఫీసులో, అద్దాల టేబుల్ చుట్టూ జరిగింది. మేనేజర్ పట్టిక చూసి, ఈ సీజన్‌లో ఇంత ఆదాయం వస్తుందని నమ్మకమేమిటని అడిగారు. మాస్టర్ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకు జరిగారు.

“నమ్మకం ఉన్నది సార్. సేట్ బాకీ మొత్తం కట్టేసిన, పోయిన సోమారమే. కొత్త థాన్లు దుకాణంల దిగినయి.”

మేడం రాస్తున్న పెన్ను ఆగిపోయింది. “ఏంటి మాస్టర్ గారూ? ఎవరికి కట్టారు?”

“గుడ్డ సేట్‌కు.”

“మారటోరియంలో ఉండగా?”

“బాకీ ఉంచుకోని కొత్త థాన్ ఎట్ల విప్పుత మేడం?”

మేనేజర్ గొంతు పెంచలేదు. “మమ్మల్ని రెండు సీజన్లు ఆగమంటున్నారు. ఆయనకు మాత్రం మొత్తం ఇచ్చేశారు. ఇంకా ఎవరికిచ్చారు?”

“ఎవ్వలకియ్యలే సార్. ఇస్తే చెప్పనా?”

నిజమే, ఇచ్చి ఉంటే చెప్పేవారే. ఇది కూడా ఆయన చెప్తేనే మాకు తెలిసింది. కానీ మేనేజర్ ఫైలు మూసేశారు. వచ్చే మీటింగుకల్లా ఆ డబ్బు తిరిగి రాకపోతే ప్లాన్‌కు వ్యతిరేకంగా ఓటేస్తానని చెప్పి వెళ్లిపోయారు.

మేడం నెమ్మదిగా వివరించారు. “అప్పులిచ్చినవాళ్లంతా ఒక వరుసలో నిలబడ్డారండి. మీరు ఒకాయన్ని వరుస తప్పించి ముందుకు తీసుకొచ్చేశారు. మిగతావాళ్లు ఊరుకుంటారా?”

మాస్టర్ జేబులోంచి సుద్దబిళ్ల తీసి అద్దం మీద ఒక గీత గీశారు. దాని మీద చిన్న చిన్న గుర్తులు పెట్టారు. ఒక గుర్తును వేలితో తుడిచి గీత మొదట్లో పెట్టారు. దాన్ని చూస్తూ కూర్చుని, “అడగాలె అయితే,” అన్నారు. ఇచ్చిన డబ్బు వెనక్కి అడగడమన్నమాట. ఆయన వెళ్లాక ఆ సుద్ద నేనే తుడిచాను.

సేట్ గోదాము అమీర్‌పేటలోనే, ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో. మేడం నాకు ఒక లెటర్ ఇచ్చి మాస్టర్‌తో పంపారు. ఆ లెటర్ నేను జేబులోంచి తీయనే లేదు.

“ఆవో మాస్టర్. థాన్లు విప్పినవా?”

“విప్పలే సేట్.”

“ఏం? గుడ్డ మంచిగ లేదా?”

“గుడ్డ మంచిగనే ఉంది.”

టీ వచ్చింది. సేట్ మోకాలి నొప్పి గురించి మాట్లాడుకున్నారు. ఆయన మనవరాలి గౌను పొడవు గురించి మాట్లాడుకున్నారు. మాస్టర్ చెయ్యి చాపి సేట్ చొక్కా చేతి గుండీ వేలాడుతుంటే చూసి, దాని దారం మెలిపెట్టి బిగించారు. గుండీ వదలకుండానే అన్నారు.

“సేట్, మొన్న ఇచ్చిన పైసలు వాపస్ ఇయ్యాలె నువ్వు.”

సేట్ నవ్వాడు. తర్వాత నన్ను చూశాడు. “గీ పిల్లగాడెవరు? పోలీసా?”

“కాదు. కంప్యూటర్.”

“నా ధందాల ఇచ్చిన పైసలు వాపస్ అడిగినోడు ఎవ్వడు లేడు మాస్టర్.”

“తప్పుగ ఇచ్చిన. అందరు లైన్ల నిలబడ్డరు. నిన్ను చెయ్యి పట్టి ముందలికి గుంజుకొచ్చిన.”

“ముందలికొస్తె నాకేం తక్లీఫ్?”

“నీకేం లేదు. నా ఇల్లు పోతది.”

సేట్ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. “గా బామ్మర్దికి సంతకం పెట్టేటప్పుడు నన్నొక మాట అడగాల్సింది.”

“అడిగితే నువ్వు సుత పెట్టేటోడివి.”

సేట్ ఖాతా పుస్తకం ముందుకు లాక్కున్నాడు. గుమాస్తాను పిలిచి డబ్బు తిరిగి పంపించమన్నాడు. నేను ఆయన బాకీని పట్టికలో చేర్చుకుంటానని, అందరితో పాటు ఆయన వంతు ఆయనకు వస్తుందని చెప్పాను. వంతు ఎంత అని అడిగి, విన్నాక పక్కన పెట్టిన టీ గ్లాసు మళ్లీ అందుకున్నాడు.

పని అయిపోయిందనుకున్నాను. మాస్టర్ లేవలేదు.

“థాన్లు సుత పంపిస్త సేట్.”

సేట్ గోడ మీద బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని ఉంది. “పైసలు ఇచ్చుడే మొదటిసారి. సరుకు సుత తీస్కుంటే రేపు బజార్ల నన్ను సేట్ అంటరా? కుట్టుకో పో.”

“పాత బాకీ మళ్ల ఉన్నది గద. ఎట్ల విప్పాలె?”

“నేను విప్పుమంటున్న గదనయ్యా.”

“బాకీ అట్లనే పెట్టుకోని విప్పుమంటవ్. గట్ల కాదు.”

ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. థాన్లు మాస్టర్ దుకాణంలోనే, పై అరలో, చుట్టిన గోతాం విప్పకుండా ఉండిపోయాయి.

తిరుగుదారిలో ఆటోలో నేను వాదించాను. ఆ థాన్లు కొత్త కొనుగోలు, పాత బాకీతో సంబంధం లేదు, వాటిని కుట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఈ సీజన్ ఆదాయం లేకపోతే మొదటి వాయిదా లేదు, వాయిదా లేకపోతే ప్లాన్ లేదు. ఒకటి, రెండు, మూడు అని వేళ్ల మీద చెప్పాను. ఆయన పూర్తిగా విన్నారు.

“చట్టం సంగతి నువ్వు చెప్పు తమ్మీ. కత్తెర సంగతి నేను చెప్త.”

మేడం తల పట్టుకున్నారు. “డబ్బు తెచ్చారు, బానే ఉంది. ఇప్పుడు గుడ్డ ముట్టుకోనంటారేంటండీ?”

“గుడ్డ ముట్టుకోనన్న. కుట్టనన్ననా?” అన్నారు మాస్టర్.

మరుసటి రోజు నాతో ఒక బోర్డు టైపు చేయించుకున్నారు. “గుడ్డ మీరే తెచ్చుకోండి. కుట్టుకూలి మాత్రమే.” ప్రింటు చూసి, అక్షరాలు ఇరుకుగా ఉన్నాయి, జర వదులు పెట్టమని వెనక్కిచ్చారు. మళ్లీ తీయించాను. సందు మొదట్లో ఒకటి, దుకాణం మీద ఒకటి కట్టారు.

తల్లిదండ్రులు గుడ్డ కొనుక్కొచ్చారు. కొందరు అదే రంగు థాన్లు పై అరలో కనపడుతుంటే, గవి గుడ్డ కావా మాస్టర్ అని అడిగారు. అమ్మేటివి కావు అన్నారాయన. గుడ్డ మీద వచ్చే లాభం పోయింది, కూలి మిగిలింది. నేను పట్టిక మార్చాను, మొదటి సీజన్ వాయిదా తగ్గించి రెండో సీజన్‌ది పెంచాను.

రెండో మీటింగులో మేనేజర్ కొత్త పట్టిక చూసి, షాపులో గుడ్డ పెట్టుకుని కుట్టకపోవడమేమిటని అడిగారు. మేడం ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. ఓటుకు ముందు ఒక శనివారం తనే ఆ సందులోకి వెళ్లి, కాసేపు దుకాణం ముందు నిలబడి వచ్చారట. ఓటు అనుకూలంగా వేశారు. వేశాక మేడంతో అన్నారు.

“ముంగిట ఉన్న గుడ్డే ముట్టుకోనివాడు మనకు తెలియకుండా ఇంకొకరికేం ఇస్తాడు మేడం.”

ఇది నేను మాస్టర్‌కు చెప్పాను, సంతోషిస్తారని. ఆయన వేరే సంగతి చెప్పారు. “సార్ దుకాణం దాకా వచ్చిండు గద. లోపలికొస్తే భుజం సరిజేద్దును.”

ప్లాన్ మీద ట్రైబ్యునల్ ఆమోదం వచ్చింది. రెండు సీజన్లు బయటి గుడ్డ మీదే పని చేశారు. వాయిదాలు కొన్ని ఆలస్యమయ్యాయి, ఏదీ తప్పలేదు. చివరిది కట్టాక, మిగతా అప్పుల నుంచి ఆయనకు విముక్తి ఇస్తూ ఆర్డరు వచ్చింది. కాపీ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. బొటనవేలి గోరుతో చివరిదాకా చదివారు. జమానతా అని అడగలేదు. చెప్పులేసుకుని, సేట్ దగ్గరికి పోదాం రమ్మన్నారు.

గోదాములో ఈసారి టీ రాకముందే అడిగారు.

“సేట్, ఖాతా బందైందా?”

“కోర్టు బంద్ చేసింది గద.”

“కోర్టును అడగలే. నిన్నడుగుతున్న.”

“నాకు రావాల్సింది సగం సుత రాలే మాస్టర్.”

“ఎర్కనే.”

మాస్టర్ అలాగే నిలబడ్డారు. వాళ్లిద్దరి మధ్య నేను మాట్లాడవలసింది ఏమీ లేదు. ఆర్డరు ప్రకారం సేట్ ఔననక్కర్లేదు, కాదని అనడానికీ లేదు. కాని ఆయన ఔనంటే తప్ప మాస్టర్ గోదాము మెట్లెక్కేలా లేరు. సేట్ చొక్కా చేతి గుండీ అటూ ఇటూ తిప్పాడు.

“బందైంది,” అన్నాడు చివరికి. “పో. విప్పుకో.”

దుకాణానికి వచ్చి స్టూలెక్కి థాన్లు దించారు. గోతాం కుట్లు బ్లేడుతో కాదు, ఒక్కొక్కటిగా చేత్తో విప్పారు. గుడ్డ బాగానే ఉంది, మడతల అంచులు మాత్రం కొద్దిగా వెలిశాయి. బల్ల మీద పరిచి అరచేత్తో సాఫు చేశారు. అప్పుడు చెప్పారు, ఏదో ట్రైన్ లేటయిన సంగతి చెప్తున్నట్టు.

“గీ బడోళ్లు రంగు మార్చిండ్రు తమ్మీ. నిరుడే. ఇప్పుడు నీలం.”

“మరి ఈ గుడ్డ?”

“పెద్దోళ్లు తొడుక్కుంటరు. నిలబడు.”

ఆ థాన్ల డబ్బు ఆయన సేట్‌కు నెలనెలా కట్టేశారు. గుడ్డలో మొదటి ప్యాంటు నాది. రెండోది సేట్‌కు వెళ్లింది. మేనేజర్‌కు కూడా ఒకటి కుడతానని కబురు చేస్తే, రూల్స్ ఒప్పుకోవని ఆయన మర్యాదగా వద్దన్నారు. నా ప్యాంటు నడుము దగ్గర, నాలాంటి ఇంకో మనిషి పట్టేంత గుడ్డ లోపలికి మడుస్తుంటే అడిగాను.

“అంత ఎందుకు మాస్టర్?”

“పెండ్లైతది గద.”

పెళ్ళికి ఆయన రాలేకపోయారు, ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశారు. ఆ చలికాలంలో పోయారు. నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్లేసరికి షట్టర్ వేసి ఉంది, పైన గదుల్లో దీపం ఉంది. సందు మొదట్లో “గుడ్డ మీరే తెచ్చుకోండి” బోర్డు ఎవరూ తీయలేదు.

మెట్రో మెట్ల దగ్గర ఆల్టరేషన్ ఆయన కుట్టు విప్పి, వెడల్పు చేసి, మళ్లీ కుట్టి ఇచ్చాడు. లోపల మడతలో ఉన్న గుడ్డ ఇప్పుడు బయటికొచ్చింది. అది వెలవలేదు. మిగతా ప్యాంటు కంటే ఒక రంగు ముదురుగా, సన్నటి పట్టీలా కనపడుతోంది.

“బెల్టు కిందికి పోతది, కనవడదు,” అన్నాడు ఆయన. “సగమే విప్పిన అన్నా. ఇంకా ఉన్నది లోపల.”